సువార్తమ్మ చెప్పిన మాట

ఇన్నేళ్లుగా ఈ సంగతి నా గొంతులోనే ఉండిపోయింది. మింగితే దిగలేదు, కక్కుదామంటే రాలేదు. మా ఊళ్లో నాకు గౌరవం ఎక్కువ. నేను ఎదురైతే సైకిలు దిగి పలకరించేవాళ్లున్నారు. చర్చిలో ఏ మీటింగు జరిగినా వేదిక మీద నాకో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ, బయట గడియ పెట్టిన గదిలో ఉన్నట్టుంటుంది నాకు. లేచి వెళ్లిపోలేను. ఎందుకు వెళ్తున్నావని అడుగుతారు.

నా పేరు చెప్పను. చెబితే మా నాన్నగారి పేరు చెప్పినట్టే అవుతుంది. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను దొంగతనం చెయ్యలేదు. ఎవరినీ కొట్టలేదు. ఒకామె తెలుగులో చెప్పిన మాటని ఇంగ్లీషులో తప్పుగా చెప్పాను. పొరపాటున కాదు. తెలిసే చెప్పాను.

మాది రాజోలు దగ్గర ఊరు. మా నాయనమ్మ కామందుల వాకిళ్లు, పశువుల పాకలు ఊడ్చి బతికింది. ఆమె కొడుకు, అంటే మా నాన్నగారు, మిషన్ బడిలో చదువుకుని అదే బడికి హెడ్మాస్టరయ్యారు. ఊరంతా ఆయన్ని మాస్టారు అనే పిలిచేది. "మన ఇంట్లో చీపురు పట్టిన చెయ్యి మీ నాయనమ్మదే ఆఖరు" అని మాకు తరచూ చెప్పేవారు. గొప్పకు చెప్పిన మాట కాదది. ఆమె వేళ్లు ముసలితనంలో కూడా చీపురు పట్టుకున్నట్టే వంగి ఉండేవి. అది చూస్తూ పెరిగినవాడు కాబట్టి చెప్పేవారు.

నేను బి.ఏ. చదివి, డెబ్భైల మొదట్లో లండన్ వెళ్లాను. అక్కడ నా డిగ్రీని ఎవరూ అడగలేదు. నాతో గదిలో ఉండే పంజాబీ అతను నన్ను తాను పనిచేసే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాడు. ఒక పెద్ద విమాన కంపెనీలో ఉద్యోగం దొరికింది. విమానం దిగి ప్రయాణికులు వెళ్లిపోగానే మేం ఎక్కుతాం. సీట్ల సందుల్లో ఊడవాలి, సిగరెట్ పీకలు ఏరాలి, వాంతి సంచులు తియ్యాలి, మరుగుదొడ్లు కడగాలి. ఇదీ పని.

నిజం చెప్పాలంటే ఆ విమానాలంటే నాకు ఇష్టం కలిగింది. బొంబాయి నుంచి గల్ఫ్ మీదుగా వచ్చే తెల్లటి విమానం ఒకటుండేది. నాలుగు ఇంజన్లూ తోక దగ్గరే ఉండేవి. అది దిగుతుంటే కొంగ చెరువులో వాలినట్టుండేది. దాని తలుపు తియ్యగానే ఒక్కోసారి మన దేశపు వాసన వచ్చేది. కొబ్బరినూనె, అగరొత్తులు, నలిగిన నూలుబట్టలు. ఎవరూ లేని ఆ విమానంలో కాసేపు చీపురు పక్కన పెట్టి నిలబడేవాణ్ని.

మా ఫోర్‌మన్ జార్జ్ అనే పెద్దాయన. యుద్ధంలో విమానాలకు మరమ్మతులు చేసినవాడు. యుద్ధం అయిపోయిన కొత్తలో అక్కడ భవనాలే లేవట. గొప్ప గొప్ప వాళ్లు కూడా బురదలో వేసిన చెక్కల మీదుగా నడిచొచ్చి, సైన్యం వాడిపడేసిన గుడారాల్లో విమానం కోసం కూర్చునేవారట. కింద కొబ్బరిపీచు పట్టాలు పరిచేవారట. ఆ మాట విన్నప్పుడు నాకు మా కాలవ గట్టున పీచు నానబెట్టే వాసన గుర్తొచ్చింది. ఇంత పెద్ద దేశం గుడారంలోంచి లేచి నిలబడింది కదా, నేనూ నిలబడతానులే అనుకున్నాను. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం తన రెండు విమాన కంపెనీల్నీ కలిపి ఒకటి చేసింది. తోకల మీద పేరు మారింది. నా చేతిలో చీపురు మారలేదు.

ఇంటికేం రాశాను? విమాన కంపెనీలో ఉద్యోగమని రాశాను. అందులో అబద్ధం లేదు. ఆఫీసరు ఉద్యోగమేనా అని నాన్నగారు అడిగితే జవాబు రాయకుండా వాతావరణం గురించి రాశాను. అబద్ధం అక్కడ మొదలైంది. నేను కాదనకపోయేసరికి ఆయన అవుననుకున్నారు. చర్చిలో చెప్పుకున్నారు. రాజోలు బస్టాండులో, బడిలో, కామందుల అరుగుల ముందు కూడా చెప్పుకున్నారు. పండక్కి ఒక స్నేహితుడి కోటు వేసుకుని ఫోటో తీయించుకుని పంపాను. ఎవరడిగారు నన్ను ఆ ఫోటో? ఎవరూ అడగలేదు. దాంతో నాకు ఇల్లు కూడా ఉందన్నారు, కారు కూడా ఉందన్నారు. నేను మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ని.

అలాంటి రోజుల్లో ఒక చలికాలపు పొద్దున జార్జ్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. బొంబాయి విమానంలో వచ్చిన ఒకామెను ఇమిగ్రేషన్ వాళ్లు ఆపారట. హిందీవాళ్లని, పంజాబీవాళ్లని పిలిచారు, లాభం లేకపోయింది. ఆమె తెలుగు, తెలుగు అంటోందట. నీ భాషేనా అని అడిగాడు. నాదేనన్నాను. పని బట్టలతో ఆఫీసర్ల ముందుకు వెళ్లడం బావుండదని, తన యూనిఫారం కోటు విప్పి నా భుజాల మీద వేశాడు. నీలం కోటు, ఇత్తడి గుండీలు. ఆయన దయతో చేసిన పని అది. ఆ కోటు లేకపోతే ఏం జరిగేదా అని ఎన్నిసార్లు ఆలోచించానో.

ఆ గదికి కిటికీ లేదు. ఒక బల్ల, మూడు కుర్చీలు. ఆమె నేత చీర మీద మగవాళ్ల స్వెట్టరు వేసుకుని, హవాయి చెప్పుల్లో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. నేను గుర్తుపట్టలేదు. ఆమె గుర్తుపట్టింది.

"మీరు మాస్టారి పెద్దబ్బాయి గారు కదండీ," అంది. కళ్లనిండా నీళ్లు. "నేను సువార్తనండి. మీ నాన్నగారి దగ్గరే అయిదు దాకా చదువుకున్నాను. దేవుడే పంపేడండి మిమ్మల్ని."

మా ఊళ్లో వాళ్ల మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్న పిల్ల. తర్వాత అంతర్వేదివైపు ఇచ్చారు. భర్త దానియేలు సరుకు ఓడలో కళాసీ. ఇంగ్లాండు ఉత్తరాన ఒక రేవులో సరుకు దించుతూ ఓడ అడుగుకి పడిపోయాడు. నడుం విరిగింది. బతకడం కష్టమని ఆసుపత్రివాళ్లు చెబితే, ఓడ కంపెనీవాళ్లే ఈమెకు టిక్కెట్టు ఏర్పాటు చేసి రప్పించారు. ఇదంతా ఆమె చెబుతుంటే ఆఫీసరుకి చెప్పాను. అంతవరకూ ఒక్క మాట తప్పు చెప్పలేదు. దయచేసి ఇది నమ్మండి.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. అలిసిపోయి ఉన్నాడు. ఆసుపత్రి సంగతి నిజమేనని తనకు తెలుసన్నాడు. తనకు తెలియాల్సింది ఒక్కటేనన్నాడు. భర్తను చూశాక ఈమె తిరిగి వెళ్తుందా, ఇక్కడే ఉండిపోతుందా? అదడుగు, అన్నాడు.

నేను అడిగేలోగానే సువార్తమ్మ మాట్లాడింది. ఆసుపత్రి దగ్గర తనకెవరూ తెలియదని, భాష రాదని, కాబట్టి నేను కూడా తోడు రావాలని, రాత్రిళ్లు మా ఇంట్లోనే తలదాచుకుంటానని అంది. మాస్టారు ధైర్యం చెప్పి పంపించారట. మావాడికి అక్కడ పెద్ద ఇల్లుంది, వాడే చూసుకుంటాడన్నారట. నా కోటు గుండీలకేసి చూసి, "మాస్టారు చెప్పినట్టే ఉన్నారండి" అంది.

ఈమె బయటికొస్తే నా గదికొస్తుంది. ముగ్గురు మగవాళ్లు, నాలుగు మంచాలు, గోడకి తగిలించిన నా పని బట్టలు చూస్తుంది. ఇంటికెళ్లి చెబుతుంది. చెప్పాలని కాదు, మాటల్లో చెబుతుంది. చర్చి మెట్ల మీద, కామందుల అరుగుల ముందు మా నాన్నగారు తలవంచుకుని నడవడం ఆ కిటికీ లేని గదిలో నాకు కనిపించింది. ఇక్కణ్నించి ఇటే వెనక్కి వెళ్లిపోతే? నీలం కోటులో చూశానని చెబుతుంది. అంతే చెబుతుంది.

ఇంత ఆలోచన ఎంతసేపట్లో చేశానంటారా? ఆమె కొంగుతో ముక్కు తుడుచుకున్నంతసేపట్లో.

చూశాక వెళ్లిపోతావా అని అడిగాను. సువార్తమ్మ నా మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఆయన లేచి నిలబడితే ఇద్దరం వెళ్లిపోతామండి. లేవకపోతే, ఆయన్ని ఇక్కడే మట్టిలో పెట్టి నేనొక్కదాన్నే వెళ్లిపోతాను. పాపని మా అమ్మ దగ్గర వదిలొచ్చేనండి. ఎలాగైనా తిరిగెళ్లిపోతానని చెప్పండి."

నేను ఆఫీసరు వైపు తిరిగాను. భర్త దగ్గరే ఉండిపోతుందట, ఏదైనా పని చూసుకుంటుందట, అన్నాను.

ఆయన కలం ఆపాడు. ఆమె అదే అందా, నువ్వు సరిగ్గా విన్నావా అని రెండోసారి అడిగాడు. చూశారా, నాకు రెండో అవకాశం కూడా ఇచ్చాడు. అదే అందన్నాను.

ఆమెకు ఇంగ్లీషు రాదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, నేను ఆమె తరఫున గట్టిగా మాట్లాడుతున్నాననుకుని, తల ఊపుతూ కూర్చుంది.

ఆ సాయంత్రం అదే తెల్లటి విమానం తిరుగు ప్రయాణానికి సిద్ధమైంది. శుభ్రం చేసే వంతు మాది. నేను చివరి వరసల్లో మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద ఇరుక్కున్న చెత్త లాగుతున్నాను. కోటు జార్జ్‌కి ఎప్పుడో ఇచ్చేశాను. ఒంటిమీద పని బట్టలు, పక్కన చెత్తసంచి, చేతిలో చీపురు. తిప్పి పంపేవాళ్లని అందరికంటే ముందు ఎక్కిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఎందుకు తొందరగా దిగిపోలేదో ఇప్పటికీ తెలియదు. ఒక ఆడ కానిస్టేబులు సువార్తమ్మను తీసుకొచ్చి, నాకు ఎదురుగా ఉన్న ఆఖరి సీట్లో కూర్చోబెట్టి తలుపు దాకా వెళ్లి నిలబడింది.

రెండు వరసల సీట్ల మధ్య ఇరుక్కుని ఉన్నాను. లేచి నిలబడితే ఆమెకు ఎదురుగా నిలబడాలి. లేవలేదు. ఆమె నన్ను చూసింది. చీపురు చూసింది. చెత్తసంచి చూసింది. తర్వాత సంచిలోంచి ఒక పొట్లం తీసింది.

"మీ అమ్మగారు మీకిమ్మని మామిడితాండ్ర పంపేరండి. ఇందాకటి కంగారులో మర్చిపోయేను," అంది. పొట్లం నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "నాకోసం చాలా శ్రమ పడ్డారు. మీరేం బెంగెట్టుకోకండి బాబూ. నేనెవరికీ ఏం చెప్పనండి," అంది.

ఏ సంగతి చెప్పనంటోందో నాకు అర్థమైంది. మొగుణ్ని కళ్లారా చూసుకోలేక వెనక్కి వెళ్తున్న మనిషి, నా చేతిలో చీపురు చూసి నా మీద జాలిపడింది. ఆ క్షణంలోనైనా నేను లేచి ఆ కానిస్టేబులు దగ్గరికి పరిగెత్తి ఉండచ్చు. నేను చెప్పింది అబద్ధం, మళ్లీ అడగండి అని ఉండచ్చు. విమానం తలుపు ఇంకా తెరిచే ఉంది. నేను దిగి వచ్చేశాను. విమానంలో దొరికిన తినే వస్తువేదీ బయటికి తీసుకెళ్లకూడదని మాకు రూలు. ఆ రూలు సాకుగా పెట్టుకుని ఆ పొట్లం చెత్తసంచిలో వేశాను.

తర్వాతి ఆదివారం రైలెక్కి ఆ రేవు పట్నం వెళ్లాను. ఆసుపత్రి గేటు దాకా వెళ్లాను. లోపలికెళ్తే దానియేలు ఏమడుగుతాడు? మా ఆవిడొస్తుందన్నారు, వచ్చిందా అని అడుగుతాడు. ఏం చెప్పాలి? గేటు దగ్గర పూలమ్మే ఆమె నన్ను చూసి పూలు కావాలా అంది. వద్దని వెనక్కొచ్చేశాను. ఆ వారంలోనే అతను పోయాడు. అతని దగ్గర తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. అదే ఊళ్లో, ఆ గేటు దాకా వచ్చి, నేను వెనక్కి తిరిగాను.

నాన్నగారు ఉత్తరంలో రాశారు. సువార్త తిరిగొచ్చిందనీ, నువ్వు ఆఫీసర్లతో దానికోసం ఎంత పోరాడావో చర్చిలో లేచి అందరికీ చెప్పిందనీ, నాకు చాలా సంతోషమైందనీ రాశారు. ఆమె చీపురు మాట చెప్పలేదు. అంటే, ఏ భయంతో నేనా పని చేశానో ఆ భయానికి అర్థమే లేదు. ఆమె మా గదికి వచ్చి ఉన్నా ఎవరికీ చెప్పేది కాదు. ఇది తెలిశాక మనిషి ఎలా నిద్రపోతాడు? నేను నిద్రపోయాను. పనికి వెళ్లాను. అన్నీ చేశాను. అదే నాకు వింతగా ఉంటుంది.

నాన్నగారు పోయినప్పుడు రాలేకపోయాను. ఎనభైల మొదట్లో కంపెనీ చాలామందిని తీసేసింది. అందులో నేనూ ఉన్నాను. ఊరికి వచ్చేశాను. చర్చిలో నాకు సన్మానం చేశారు. విమానాల ఆఫీసరుగారన్నారు. దండ వేసింది ఎవరనుకున్నారు? సువార్తమ్మ. మొగుడు పోయాక ఆమె మా ఊళ్లోని మేనత్త ఇంటికే వచ్చేస్తే, నాన్నగారు బతికుండగా బడిలో ఆయాగా పని ఇప్పించారట. రోజూ పొద్దున్నే ఆ బడి ఊడుస్తుంది.

అప్పటినుంచి నేను ఆ కృతజ్ఞతలో ఖైదీని. మునక్కాయలు కాస్తే తెచ్చిచ్చేది. పీతలు దొరికితే తెచ్చిచ్చేది. ఎవరైనా కొత్తవాళ్లుంటే నన్ను చూపించి, పరాయిదేశంలో నాకోసం మాట్లాడింది ఈ బాబేనండి అని చెప్పేది. వద్దనలేను. తీసుకోలేను. తీసుకునేవాణ్ని. ఇంకోపక్క గల్ఫ్ వెళ్లేవాళ్లంతా నా దగ్గరికి రావడం మొదలైంది. విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలి, ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలి అని. నేను నేర్పేవాణ్ని. అడిగినదానికి నిజం చెప్పండి చాలు అనేవాణ్ని. నా నోటితో.

ఇలా చాలా ఏళ్లు గడిచాక ఒకరోజు మధ్యాహ్నం సువార్తమ్మ ఎదిగిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు రూతు. ఆ రోజు వాళ్లమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన పాపే. మస్కట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని కుదిరింది. అరుగు మీద కూర్చోమన్నాను. కూతురు కూర్చుంది, తల్లి నిలబడే ఉంది.

"దీనికి అన్నీ నేర్పండి బాబూ," అంది. "నాలాగ అవకూడదు. ఆ రోజు నేనేదో తప్పు మాట్లాడేసుంటానండి. ఇన్నేళ్లబట్టీ ఆలోచిస్తున్నాను, ఏం తప్పన్నానో తెలియట్లేదు. మీరు విన్నారు కదా. అదేంటో చెప్తే, ఆ మాట ఇది అనకుండా చూసుకుంటాది."

ఇన్నేళ్లూ ఆమె నన్ను పొగుడుతోందనుకున్నాను. కాదు. తనను తాను నిందించుకుంటూ ఉంది. మొగుడు ఒంటరిగా పోవడానికి కారణం తన మాటేనని, బడి ఊడుస్తూ, వంట చేస్తూ, ఒక్కో మాటా వెనక్కి తిప్పి వెతుక్కుంటూ ఉంది. ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

చెప్పాను. కోటు సంగతి, గది సంగతి, ఆఫీసరుకి నేను చెప్పిన మాట, ఆయన రెండోసారి అడగడం, అన్నీ చెప్పాను. ఆసుపత్రి గేటు కూడా దాచలేదు. రూతు లేచి నిలబడి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. సువార్తమ్మ తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బావుండునని కూడా అనిపించింది. ఆమె అడిగింది ఒక్కటే.

"అయితే నేను సరిగ్గానే చెప్పేనా అండీ?"

"ఆయ్. సరిగ్గానే చెప్పేరు," అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఊరి మాట నా నోట వచ్చింది.

అప్పుడామె అరుగు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో, మరేమిటో నాకు తెలియలేదు. కొంతసేపటికి సర్దుకుని, కూతురివైపు తిరిగి, "నేనన్న మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో అడిగి నేర్చుకో," అంది. నా వైపు చూడలేదు.

రూతుకి చెప్పాను. ఎలాగైనా తిరిగెళ్లిపోతాను అన్న ఆ మాటని ఇంగ్లీషులో, చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ రోజు ఆఫీసరుకి చెప్పాల్సినట్టే చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకి తిన్నగా చూస్తూ ఒక్కో ముక్కా పలికింది. పక్కన తల్లి పెదవులు కూడా కదిలాయి. పలకడం కుదిరాక ఇద్దరూ లేచారు. వెళ్లొస్తామని అనలేదు.

రూతు మస్కట్ వెళ్లింది. సువార్తమ్మ మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆమె ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నాకోసం చెప్పలేదని అనుకోను. మాస్టారి మీద గౌరవంతో అయ్యుంటుంది. చర్చిలో నన్నింకా వేదిక మీదికి పిలుస్తూనే ఉన్నారు, నేను వెళ్లి కూర్చుంటూనే ఉన్నాను. ఆమె ఆడవాళ్ల వరసలోంచి నన్ను చూస్తుంది. ఆ చూపులో కోపం లేదు, క్షమా లేదు. నిజం తెలుసన్న సంగతి ఒక్కటే ఉంది.

లేచి నిలబడి వాళ్లందరికీ చెప్పగలనా? ఇంకా చెప్పలేకపోయాను. బహుశా చెప్పలేను. మీకు మాత్రం చెప్పాను. మీరు నన్నేమనుకున్నా సరే. ఆ మాట తప్పు చెప్పింది నేను. ఆమె సరిగ్గానే చెప్పింది.